దూడల షెడ్డులోకి వెళ్ళను

డెయిరీ ఫారం, లైను ఇళ్ళు
బుధవారం

అక్కకి,

వాన విడవకుండా పడుతోంది. షెడ్డు వెనక కాలువ పొంగి పేడనీళ్ళు పాలగది మెట్ల దాకా వచ్చాయి. పొద్దున్నే పారలు తీసుకుని గట్టు వేశాం. తడిగడ్డి తిని రెండు ఆవులు పారుకుంటున్నాయి. పాలు పితికే మిషను గొట్టం ఒకటి చీలింది. కొత్తది వచ్చేదాకా ఆ వరస ఆవుల్ని చేత్తోనే పితుకుతున్నాను. వేళ్ళు వాచాయి.

రేపు గాని ఎల్లుండి గాని పాపని నీ దగ్గరికి తీసుకొస్తారు. తెచ్చేది పిల్లల సంక్షేమం ఆఫీసు ఆమె. దగ్గరి బంధువులెవరని అడిగితే నీ అడ్రసు ఇచ్చాను. నిన్ను అడక్కుండా ఇచ్చాను. ఎవరూ లేకపోతే హాస్టల్లో పెడతామన్నారు. తల్లి లేని పిల్ల కాబట్టి వెంటనే తీసుకెళ్ళాలన్నారు.

జరిగింది ఇది. బడిలో రంగులు వేయిస్తూ టీచరమ్మ పాప చొక్కా చేతులు పైకి మడిచింది. మోచేతుల పైన, లోపలి వైపు, గుండ్రంగా కమిలిన గుర్తులున్నాయట. కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. ఎవరు చేశారని అడిగితే చెప్పలేదు. మళ్ళీ మళ్ళీ అడిగితే "చెప్తే నాన్నకి కోపం వస్తుంది" అందట. ఆ మాట రాసుకున్నారు.

సాయంత్రం పాలవేళకి వచ్చారు. నేను ఇంకా రబ్బరు బూట్లలోనే ఉన్నాను. పాపని లోపల కూర్చోబెట్టి ఆమె మాట్లాడింది. నన్ను బయట నిలబెట్టి ఇంకొకాయన మాట్లాడాడు. గుర్తులు మీరు చూడలేదా అన్నాడు. చూడలేదన్నాను. ఎనిమిదేళ్ళ పిల్ల, స్నానం తనే చేస్తుంది, బట్టలు తనే వేసుకుంటుంది, నేను తెల్లారకముందే పాలకి పోతాను అన్నాను. షెడ్లలోకి వస్తుందా అని అడిగాడు. రాదు, పిల్లలు షెడ్లలోకి రాకూడదని ఓనరు రూలు అన్నాను. లోపల పాప కూడా అదే చెప్పిందట. సంతకం పెట్టమంటే పెట్టాను.

బట్టలు సంచిలో సర్దాను. దగ్గు మందు పక్క జేబులో ఉంది. రాత్రి పడుకునే ముందు ఒక చెంచా.

తమ్ముడు


ఆసుపత్రి లాండ్రీ, మేడ మీద గది
ఆదివారం

తమ్ముడూ,

పాప చేరింది. ఆఫీసరమ్మ నా గదంతా కలియజూసి మంచం ఒకటే ఉందేమిటంది. మనిషిని ఒకదాన్నే కదమ్మా అన్నాను. మర్నాడు లాండ్రీ మేస్త్రీని బతిమాలి, వార్డులోంచి తీసేసిన ఇనప మంచం ఒకటి పైకి ఎక్కించాను. బాయిలరు దగ్గరి ముసలాయన మెట్ల కింద నిలబడి, "ఏమ్మా, కొత్త కాపురమా?" అన్నాడు. "అవును తాతా, నువ్వే వరుడివి, మంచం ఇటు పట్టు" అన్నాను. అందరూ నవ్వారు. పాప నవ్వలేదు.

పెట్టింది తింటోంది. అడిగినదానికి జవాబు చెప్తోంది. ఇక్కడి బడిలో వేశాను. సాయంత్రం లాండ్రీకి వచ్చి మడతల బల్ల పక్కన కూర్చుంటుంది. దుప్పటి రెండో కొస పట్టుకోమంటే పట్టుకుంటుంది. నీ గురించి అడగలేదు.

గుర్తులు నేనూ చూశాను. స్నానానికి నీళ్ళు తోడుతూ చూశాను. వేళ్ళతో నొక్కిపట్టి తిప్పితే అలా కములుతుంది. నాకు అలాగే అనిపించింది.

నీ ఉత్తరం మళ్ళీ చదివాను. కాలువ గురించి రాశావు. గొట్టం గురించి రాశావు. దగ్గు మందు గురించి రాశావు. నేను ముట్టుకోలేదక్కా అని ఒక్క ముక్క రాయలేదు. నీకు కోపం రాదని నేనెవరి ముందూ ఒట్టు పెట్టి చెప్పలేను. ఒంటరిగా పిల్లని సాకుతున్నావు, నిద్ర చాలదు. అందుకని అడుగుతున్నాను. ఇంకెవరూ నిన్నిలా అడగరు. నువ్వు చేశావా?

అక్క


డెయిరీ ఫారం, లైను ఇళ్ళు
శుక్రవారం

అక్కకి,

చెయ్యలేదు.

రాయకపోవడానికి కారణం ఏమీ లేదు. రాయాలని తట్టలేదు. నువ్వు అడిగాక తట్టింది.

వాన తెరిపిచ్చింది. కొత్త గొట్టం వచ్చింది. లాయరు దొరికాడు. ఏం చెయ్యాలో చెప్పలేదు, ఏం చెయ్యకూడదో చెప్పాడు. బడికి వెళ్ళకూడదు. టీచరమ్మని పలకరించకూడదు. ఎవరితోనూ గొడవ పడకూడదు. పాపతో మాట్లాడకూడదు, వస్తువేదీ పంపకూడదు, నీ ద్వారా కూడా ఏదీ అడగకూడదు. నీకు ఉత్తరాలు రాయొచ్చు. కానీ రేపు వాటిని ఆఫీసువాళ్ళు చూపించమంటే చూపించాలి, అది గుర్తుపెట్టుకుని రాయి అన్నాడు. ఈ ఉత్తరాలు నువ్వు పాప చదివేలా ఎక్కడా పెట్టవద్దు.

పక్కింటి డ్రైవరు పిల్లలు ఇదివరకు మన అరుగు మీదే ఆడేవాళ్ళు. ఇప్పుడు నేను డ్యూటీ దిగి వస్తుంటే వాళ్ళమ్మ లోపలికి పిలుస్తోంది. పిలుపులో తప్పేం లేదు. "హోంవర్కు చేద్దురు గాని రండి" అంటుంది. ఆదివారం కూడా అంటుంది. టీ దగ్గర నేను వెళ్తే మాటలు ఆగిపోతాయి. గ్లాసు పట్టుకుని ట్యాంకు దగ్గరికి పోయి తాగుతున్నాను. సూపర్‌వైజరు మాత్రం పాల లెక్క తప్ప వేరేది అడగలేదు. దూడలకి పాలు పట్టే ఆమె ఒక్కతే మామూలుగా తిడుతోంది. నా బూట్ల బురద ఆమె కడిగిన గచ్చు మీద పడిందని నిన్న తిట్టింది.

ఆవులు మామూలుగానే ఉన్నాయి.

తమ్ముడు


ఆసుపత్రి లాండ్రీ, మేడ మీద గది
మంగళవారం

తమ్ముడూ,

చెయ్యలేదన్నావు. సరే.

ఇది రాయడానికి రెండు రోజులు వాయిదా వేశాను. ఆఫీసరమ్మ మళ్ళీ వచ్చింది. పాప చేతులు చూసింది. గుర్తులు పసుపు రంగుకి తిరిగి చెరిగిపోతున్నాయి. "ఇక్కడికొచ్చాక కొత్తవి పడ్డాయా?" అని నన్నడిగింది. పడలేదన్నాను. "ఒక్కటి కూడానా?" అంది. ఒక్కటి కూడా లేదన్నాను. రాసుకుని, కింద నా సంతకం తీసుకుంది.

సంతకం పెడుతుంటేనే తెలుసు, అది నీ మీదికి వస్తుందని. నీ దగ్గరున్నప్పుడు పడేవి, నా దగ్గర పడటం లేదు. ఇంకేం కావాలి వాళ్ళకి? కానీ చూసిందే చెప్పాను. అబద్ధం చెప్తే పాపని ఇక్కడ కూడా ఉంచరు.

మూడు రోజుల క్రితం ఇస్త్రీ మర చూసే ఆమె పాపని ముద్దు చేస్తూ, "మీ నాన్న ఏం పని చేస్తాడే?" అంది. పాప నా వైపు చూసింది. చెప్పొచ్చా అని అడుగుతున్నట్టు చూసింది. ఈ పిల్ల ఏది చెప్పాలన్నా ముందు ఇలా ఎవరి మొహమో చూస్తోంది. ఇది ఎక్కడ నేర్చుకుందో నాకు తెలియదు.

అక్క


డెయిరీ ఫారం, లైను ఇళ్ళు
సోమవారం

అక్కకి,

ఉన్నదే చెప్పావు. తప్పు లేదు.

ఎండలు మొదలయ్యాయి. గడ్డి ఆరబెడుతున్నాం. పాపని తీసుకెళ్ళి నెల దాటింది. పొద్దున లేచి రెండు గ్లాసులు తీసి, ఒకటి మళ్ళీ గూట్లో పెడుతున్నాను. బాధపడి కాదు, చెయ్యి అలవాటు.

ఈ వారం ఇక్కడ ఒకటి చూశాను. అదేమిటో నీకు రాయను. లాయరుకి చెప్పాను. ఆయన, మీ అక్కకి రాయొద్దు అన్నాడు. "నువ్వూ పాపా మొదట ఇచ్చిన వాంగ్మూలం వేరు, ఇప్పుడు నువ్వొచ్చి ఇలా అంటే కొత్తగా అల్లావంటారు, నీ ఉత్తరం వెళ్ళాక పాప అదే మాట అంటే నేర్పించి చెప్పించారంటారు" అన్నాడు. దాని నోట దానంతట అది రావాలట. రాకపోతే అప్పుడు చూద్దామన్నాడు.

కాబట్టి నువ్వు నన్ను అడగొద్దు. పాపనీ అడగొద్దు. ఇకమీదట ఆవుల సంగతులు కూడా రాయను.

తమ్ముడు


ఆసుపత్రి లాండ్రీ, మేడ మీద గది
శనివారం

తమ్ముడూ,

చెప్పకూడని సంగతి ఉందని చెప్పడం ఎందుకురా? రెండు రోజులు అన్నం సయించలేదు. ఎవరినైనా చూశావా? పాపకి ఎవరైనా ఏదైనా చేశారా? రకరకాలుగా పోయింది బుర్ర. అడగొద్దన్నావు కాబట్టి అడగను. కోపం మాత్రం వచ్చింది.

ఇంకొకటి రాయాలి. నిన్న సెలవు. గదిలో బకెట్టు పెట్టి నా చీరలు జాడిస్తున్నాను. పాప మంచం మీద కూర్చుని చూస్తోంది. ఉన్నట్టుండి, "అత్తా, చెవి చిరిగిన దూడకి బకెట్లో తాగడం వచ్చేసి ఉంటుందా?" అంది.

"ఏ దూడే?" అన్నాను.

"మూల గడిలో ఉంటుందే, అది. మూతి ముంచదు. వేలు పెడితే వేలే చప్పరిస్తుంది గానీ..." అని ఆగిపోయింది.

"నీకెలా తెలుసు?" అన్నాను. అంతే. మొహం ముడుచుకుపోయింది. బడిలో పాఠం అప్పజెప్పినట్టు, "నేను దూడల షెడ్డులోకి వెళ్ళను" అంది. నేను వెళ్ళావా అని అడగనే లేదు.

తర్వాత అన్నం తింటూ కూడా, ఎవరూ అడక్కుండానే, మళ్ళీ ఒకసారి అంది. "నేను వెళ్ళను అత్తా."

నువ్వు పాప షెడ్లలోకి రాదని సంతకం పెట్టానన్నావు. మరి ఆ దూడ ఎలా తాగుతుందో దీనికెవరు చెప్పారు?

అక్క


డెయిరీ ఫారం, లైను ఇళ్ళు
మంగళవారం

అక్కకి,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. పాప అన్న మాటలు అన్నవి అన్నట్టే ఆఫీసరమ్మకి చెప్పు. నీ ఊహ ఏదీ కలపకు. ఈ లోపల పాపని ఒక్క ప్రశ్న కూడా అడగకు. ఆ దూడ గురించి అది మళ్ళీ అడిగితే తెలియదను. ఆమె అడుగుతున్నప్పుడు నువ్వు గదిలో ఉండకు.

అంతకంటే రాయను.

తమ్ముడు


ఆసుపత్రి లాండ్రీ, మేడ మీద గది
ఆదివారం

తమ్ముడూ,

చెప్పాను. ఆఫీసరమ్మ గురువారం వచ్చింది. పాపని మంచం మీద కూర్చోబెట్టి తను కింద చాప మీద కూర్చుంది. నన్ను బయటికి పొమ్మంది. పోయాను. మెట్ల మీద కూర్చున్నాను. తలుపు సరిగ్గా పడదు, నీకు తెలుసుగా. విన్నాను.

ఆమె ఏదీ నేరుగా అడగలేదు. మీ ఫారంలో దూడలకి పేర్లుంటాయా అంది. ఉండవు, నంబర్లుంటాయి అంది పాప. చెవికి నంబరు బిళ్ళ తగిలిస్తే ఒకటి పీక్కుందట, అందుకే చెవి చిరిగిందట. ఇలా చాలాసేపు నడిచింది. చివరికి పాపే అడిగింది: "నేను షెడ్డులోకి వెళ్తే నాన్న ఉద్యోగం తీసేస్తారా?"

"ఎవరు చెప్పారు?" అంది ఆమె.

"నాన్నే. ఓనరు చూస్తే పనిలోంచి తీసేస్తాడు, ఇల్లు కూడా పోతుంది అన్నాడు. ఎవరడిగినా వెళ్ళను అని చెప్పమన్నాడు. చెప్తే కోపం వస్తుంది నాన్నకి."

కాగితం తిప్పిన చప్పుడైంది. తర్వాత, "ఉద్యోగం సంగతి నేను మాట్లాడతాను, నువ్వు చెప్పు" అంది ఆఫీసరమ్మ.

చెప్పింది. బడి నుంచి వచ్చి, మీరంతా పాలకి వెళ్ళాక, వెనక రేకు సందులోంచి దూరేదట. ఆ దూడ బకెట్లో తాగదు, తాగని దూడని అమ్మేస్తారని ఎవరో అనుకుంటుంటే విందట. అందుకని నేర్పించాలనుకుంది. బకెట్లో నీళ్ళు పోసి, చెయ్యి ముంచి, వేళ్ళు నోట్లో పెట్టేదట. అది వేళ్ళు వదిలి మోచెయ్యి, మోచెయ్యి వదిలి పైదాకా వచ్చి పట్టుకుని పీల్చేదట. "నొప్పెయ్యలేదా?" అంటే, "కొంచెం. పాపం దానికి వాళ్ళమ్మ లేదు కదా, అందుకని ఊరుకున్నా" అంది.

మనింట్లో దూడని తల్లి దగ్గరే కట్టేసేవాళ్ళం. మనిషి చేతిని పీల్చే దూడని నేనెక్కడ చూశాను? నువ్వూ అంతేగా, ఉండేది పాలవైపు. రోజూ చూసేవాళ్ళకి అది చెప్పుకునేంత సంగతి కాదు.

నేను నిన్ను అడిగాను, నువ్వు చేశావా అని. అడగకుండా ఉండాల్సింది అని రాయను. అడక్కపోతే ఆ మాట నా లోపలే కుళ్ళేది. అంతే.

అక్క


డెయిరీ ఫారం, లైను ఇళ్ళు
శుక్రవారం

అక్కకి,

ఆఫీసరమ్మ డాక్టరమ్మని వెంటబెట్టుకుని వచ్చింది. ఓనరు, సూపర్‌వైజరు, లాయరు అందరూ ఉన్నారు. నన్ను షెడ్డు బయటే ఉండమన్నారు. గుమ్మంలోంచి కనిపిస్తూనే ఉంది.

డాక్టరమ్మ చిన్నామె. పాలవేళకి ముందు, దూడలు ఆకలి మీద ఉండగా చూడాలంది. గడులన్నీ చూసి, చెవి చిరిగిన దూడ దగ్గర ఆగి, జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని మోచెయ్యి లోపలికి పెట్టింది. అది అందుకుంది. దూడల ఆమె ఊరుకోదుగా, "అమ్మో, డాక్టరమ్మా, అది ఒక పట్టాన వదలదు, మా ఆయన కంటే మొండిది" అంది. లాయరు నవ్వు ఆపుకోలేక గడ్డివైపు తిరిగాడు. డాక్టరమ్మ కూడా నవ్వుతూనే గడియారం చూసుకుంటూ నిలబడింది. తీసేసరికి ఎర్రగా, గుండ్రంగా ఉంది. మర్నాటికి నల్లబడిందని ఫోటో తీసి పంపిందట. బడిలో తీసిన ఫోటోల పక్కన పెట్టి చూశారట.

నీకు రాయనన్నది అదే. దూడల ఆమెకి జ్వరమొస్తే, కాలేజీలో చదివే ఆమె కూతురు వచ్చి పాలు పట్టింది. పంపు దగ్గర కడుక్కుంటుంటే ఆ పిల్ల చేతుల మీద గుండ్రంగా కమిలిన గుర్తులు చూశాను. ఏమైందమ్మా అంటే, దూడలు బాబాయ్, మొదట్లో అందరికీ పడతాయిట అంది. అక్కడే నిలబడిపోయాను. పాపకి ఆ మాట నేర్పింది నేనేనని అప్పుడు గుర్తొచ్చింది. ఎవరడిగినా వెళ్ళను అని చెప్పు అన్నాను. బాగా చెప్పింది.

నిన్న కాగితం వచ్చింది. ఫిర్యాదు మూసేశారు. పాప ఇంటికి రావచ్చు. ఓనరు నన్ను ఏమీ అనలేదు గానీ, షెడ్డు వెనక రేకుకి కొత్త మేకులు కొట్టించాడు. నాచేతే కొట్టించాడు. డ్రైవరు వచ్చి, "మేమెప్పుడూ అలా అనుకోలేదన్నా" అన్నాడు. సరే అన్నాను. టీచరమ్మ గేటు దాకా వచ్చింది. "నేను చూసింది చెప్పాను" అంది. "చూసి ఊరుకుంటే అది తప్పయ్యేది" అన్నాను. అలా అనాలని అనలేదు, నోట వచ్చింది. కూర్చోమని మాత్రం అనలేకపోయాను. కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

సంతోషంగా లేదా నీకు, మొహం అలా పెట్టావు అంది దూడల ఆమె. గడ్డి దించాలి, తప్పుకో అన్నాను.

నువ్వే తీసుకొచ్చి దింపు. నేను వచ్చి తీసుకెళ్తే బస్సులో పక్కన కూర్చోవాలి.

తమ్ముడు


ఆసుపత్రి లాండ్రీ, మేడ మీద గది
బుధవారం

తమ్ముడూ,

శనివారం మధ్యాహ్నానికి వస్తాం. మేస్త్రీ ఒక్క రోజే సెలవిచ్చాడు.

బస్సులో పక్కన కూర్చోవాలి అని రాశావు. అది రెండుసార్లు చదివాను. పాప నీ కూతురురా. ఇంతకంటే నాకు రాయడం రాదు.

ఇనప మంచం ఇక్కడే ఉంచుతాను. బాయిలరు తాత, పిల్ల వెళ్ళిపోతుంటే మంచం కూడా వెళ్తుందా, మోసే ఓపిక లేదమ్మా అంటున్నాడు. పాప అప్పుడు నవ్వింది.

అక్క


డెయిరీ ఫారం, లైను ఇళ్ళు
సోమవారం

అక్కకి,

గాలి తిరిగింది, పొద్దున చలిగా ఉంటోంది. ఆవులకి గోనెలు కప్పాం. ఈ వారం మూడు ఈనాయి.

నువ్వు వెళ్ళిన రోజు రాత్రి పాప ఒళ్ళు వెచ్చగా ఉందంది. నేను గుమ్మంలో నిలబడి, దూడల ఆమెని పిలిచి, నుదురు చూడమన్నాను. ఆమె చూసి, "కొంచెం వెచ్చగా ఉంది, పడుకుంటే పోతుంది" అని, బయటికొచ్చి నన్ను పట్టుకుంది. "చేతులు పడిపోయాయా నీకు? పిల్ల నుదురు చూడ్డానికి పక్కింటి మనిషి కావాలా?" అంది. చెయ్యి లేవలేదు, అంతే. ఆమెకి ఎలా చెప్పాలి?

తెల్లారేసరికి జ్వరం లేదు.

పాప ఇప్పుడు అన్నీ చెప్తోంది. పంపు దగ్గరికి వెళ్తున్నా నాన్నా అంటుంది. వచ్చా నాన్నా అంటుంది. డ్రైవరు పిల్లలతో ఆడుకుంటున్నా, మెట్టు మీద కూర్చున్నా, మోకాలు గీరుకుంది, రక్తం రాలేదు, చూడు అంటుంది. నేను పాలగదిలో ఉంటే గేటు బయట నిలబడి కేక వేసి చెప్తుంది. మిషను చప్పుడులో వినబడదు. వినబడిందని చెయ్యి ఊపుతాను. అప్పటిదాకా అక్కడే ఉంటుంది. ఇలా చెప్పనక్కర్లేదమ్మా అందామనుకున్నాను. మళ్ళీ నేనొకటి చెప్పు, ఒకటి చెప్పకు అనడం ఎందుకని ఊరుకున్నాను.

నిన్న సాయంత్రం, "నేను చెప్పేశానని నీకు కోపమా?" అంది. "లేదు, మంచి పని చేశావు" అన్నాను. ఇంకా ఏదో అంటానని కాసేపు చూసింది. తర్వాత వచ్చి నా పక్కన, కొంచెం ఎడంగా కూర్చుంది. నేను జరగలేదు. చీకటి పడేదాకా అలాగే కూర్చున్నాం.

ఇవాళ మళ్ళీ ఇక్కడి బడి. పాప ఎనిమిదింటి బస్సుకి వెళ్ళింది.

తమ్ముడు